బ్రెక్‌ల్యాండ్‌లో ఫెజంట్లు, వేటకుక్కలు: ఒక జూలై వారం

సోమవారం, థెట్‌ఫర్డ్

లండన్ నుంచి ఈశాన్యంగా రెండు గంటలకు పైగా కారులో వస్తే, నార్ఫోక్, సఫోక్ కౌంటీలు కలిసే చోట థెట్‌ఫర్డ్ ఊరు వస్తుంది. మా అమ్మాయి, అల్లుడు ఉండేది దానికి దగ్గర్లోని ఒక పల్లెలో. ఈ ప్రాంతాన్ని బ్రెక్‌ల్యాండ్ అంటారు. నేలంతా ఇసుక, చెకుముకి రాళ్లు. ఇంగ్లండ్ అంటే రోజూ వానే అనుకుంటాం గానీ, ఆ దేశంలో బాగా తక్కువ వాన పడే చోట్లలో ఇదొకటి. పొలాల అంచున వంకర్లు తిరిగిన పైన్ చెట్ల వరసలు కనిపిస్తాయి. వాటి వెనక 1922 నుంచి ప్రభుత్వం నాటిస్తూ వచ్చిన అడవి ఉంది. ఇలాంటి పొడి నేల కోడిజాతి పక్షులకు బాగా పడుతుంది. అందుకే ఇక్కడి ఎస్టేట్లు చాలాకాలంగా ఫెజంట్ (పొడుగు తోక ఉండే కోడిజాతి పక్షి), కౌజు వేటకు పేరుబడ్డాయి.

మాకు అనపర్తి దగ్గర లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్ల ఫారం ఉంది. పెళ్లికి ముందు నుంచీ నా బతుకు కోళ్లతోనే. పక్కింటావిడకు ఆ సంగతి చెప్పగానే ఆమె కళ్లు మెరిశాయి. ఆమె రిటైరైన టీచరు, ఇంట్లో రెండు లాబ్రడార్లు ఉన్నాయి. వేట రోజుల్లో ఆ కుక్కలతో వెళ్లి, కాల్పుల్లో పడిన పిట్టల్ని వెతికి తెప్పించడం ఆమె పని. ‘కోళ్ల గురించి తెలిసిన మనిషైతే మా కీపర్‌తో మాట్లాడి తీరాలి’ అంటూ అప్పటికప్పుడు ఫోను చేసింది. కీపర్ అంటే ఎస్టేటులో వేటపక్షుల్ని పెంచి, కాపాడే మనిషి.

ఇంగ్లండ్‌లో ఫెజంట్లను కాల్చే కాలం అక్టోబర్ 1న మొదలై ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. కౌజులకు ఒక నెల ముందు, సెప్టెంబర్ 1నే మొదలవుతుంది. తుపాకులు పేలేది చలికాలంలోనే అయినా, ఆ వేట కోసం పిట్టల్ని పొదిగించి, పెంచి, అడవిలోకి వదిలే అసలు పని జరిగేది ఈ ఎండాకాలంలో. ఆ పని చూడటానికే ఈ వారం.

మంగళవారం, హ్యాచరీ

గేటు దగ్గరే మందునీళ్ల తొట్టి ఉంది. బూట్లు ముంచి, పైన వాళ్లిచ్చిన తొడుగు వేసుకుంటే గానీ లోపలికి రానివ్వలేదు. నాకు అది చాలా నచ్చింది. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎన్ని షెడ్లు ఖాళీ అయ్యాయో చూసినవాణ్ణి. వీళ్లకూ ఆ దెబ్బ తెలుసు. ఈ దేశంలో వదిలే ఫెజంట్లకు గుడ్లు, పిల్లలు చాలావరకు ఫ్రాన్స్ నుంచి వస్తాయి. 2022లో అక్కడ బర్డ్ ఫ్లూ చెలరేగి సరఫరా ఆగిపోతే, చాలా ఎస్టేట్లు ఆ ఏడాది వేట రోజుల్ని తగ్గించుకున్నాయి, కొన్ని మొత్తానికే మానుకున్నాయి. ఈ హ్యాచరీ వాళ్లు మాత్రం సొంత తల్లిపిట్టల్నే పెట్టుకున్నారు. సీజన్ అయ్యే ముందు పొలాల్లో బతికి ఉన్న పెట్టల్ని పట్టి, ఏడెనిమిది పెట్టలకు ఒక పుంజు చొప్పున వలగూళ్లలో ఉంచుతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గుడ్లు పెడతాయి.

గుడ్డు మన కోడిగుడ్డులో సగం ఉంటుందేమో. ఆకుపచ్చ కలిసిన మట్టి రంగు, పెంకు మీద మంచి నునుపు. ఏడాదికి మూడువందల పైగా గుడ్లు పెట్టే లేయర్ కోడిని చూసిన కంటికి ఈ పెట్ట దిగుబడి చాలా తక్కువ. కానీ ఈ పెట్ట ఇంకా కాలాన్ని బట్టే నడుస్తోంది. రోజులు పొడుగవుతుంటే పెడుతుంది, ఎండాకాలం ముదిరితే ఆపేస్తుంది. మన కోడి ఆ లెక్క ఎప్పుడో మరిచిపోయింది.

మాకు గుడ్లు పొదగబెట్టే సెట్టర్లో 18 రోజులు, పిల్లలు బయటికొచ్చే హ్యాచర్లో 3 రోజులు. వీళ్లకు సెట్టర్లో 21, హ్యాచర్లో 3. మెషీన్లు అవే, వేడి కూడా దాదాపు అంతే. మేము వెళ్లింది ఈ ఏడాదికి ఆఖరి పొదుగు రోజున. ట్రే బయటికి లాగగానే చారల చారల పిల్లలు బిలబిలమన్నాయి. ఒక్కొక్కటి బొటనవేలంత. ఇంత చిన్నదాన్ని బ్రూడర్లో, అంటే పిల్లలకు వేడి ఇచ్చే గూట్లో, నిలబెట్టడం ఎంత కష్టమో నాకు చెప్పనక్కర్లేదు.

బ్రూడర్ గుడిసెలు పక్క పొలంలోనే ఉన్నాయి. గ్యాస్ హీటరు కింద మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి ఇస్తారు. మూలల్లో కుప్పపడి ఒకదాని కింద ఒకటి ఊపిరాడక చావకుండా, మేము చిక్ గార్డు కట్టినట్టే వీళ్లూ గుండ్రంగా బోర్డు చుట్టారు. మేత చూస్తే మాత్రం ఆశ్చర్యమేసింది. మా లేయర్ పిల్లలకు ప్రోటీన్ 20 శాతం దగ్గర ఇస్తాం, వీళ్లు మొదట్లో 28 శాతం దాకా ఇస్తారు. బయట తల్లి వెంట తిరిగే ఫెజంట్ పిల్ల మొదటి వారాల్లో గింజల జోలికి దాదాపు పోదు, పురుగులే తింటుంది. ఆ పురుగుల బలాన్ని మేతలో పెట్టాలి మరి.

మూడు వారాలకు పిల్లల్ని వల కప్పిన గడ్డి ఆవరణలోకి వదులుతారు. హీటరు మెల్లమెల్లగా తగ్గించి తీసేస్తారు. ఇక్కడే మా దారి, వీళ్ల దారి విడిపోయింది. మేము పిల్లకు గాలి తగలకుండా, వాన పడకుండా చూస్తాం. వీళ్లు కావాలని గాలికీ, చినుకులకూ అలవాటు చేస్తారు. అలవాటు కాని ఈకకు వాననీళ్లు ఆగవు. అడవిలోకి వెళ్లిన మొదటి రాత్రే వాన పడితే తడిసి చచ్చిపోతాయి.

ఈకలు పీక్కోకుండా ముక్కుకు చిన్న ప్లాస్టిక్ రింగు తొడుగుతారు. ముక్కు పూర్తిగా మూసుకోదు, మేత మాత్రం తినగలుగుతుంది. అడవికి పంపే ముందు తీసేస్తారు. మేము వేడి బ్లేడుతో ముక్కు కొన కోసేస్తాం, అది మళ్లీ పూర్తిగా రాదు. ఇంగ్లండ్‌లో వేటపక్షుల పెంపకానికి ప్రభుత్వ నియమావళి ఉంది. దాని ప్రకారం ఈ రింగు కూడా అలవాటుగా వాడకూడదు, అవసరమైతేనే వాడాలి. చోటు ఎక్కువిచ్చి, మేత సరిగా ఇస్తే చాలాసార్లు రింగు లేకుండానే గడుస్తుందని అక్కడి కుర్రాడు చెప్పాడు. ఇది నేను ఇంటికి మోసుకెళ్లే మాట.

బుధవారం, ఎల్వెడెన్

ఈ రోజు పక్షుల జోలికి పోలేదు. దగ్గర్లోని ఎల్వెడెన్ చర్చికి వెళ్లాం. పంజాబు ఆఖరి మహారాజు దులీప్ సింగ్ సమాధి ఇక్కడే ఉంది. చిన్నతనంలోనే రాజ్యం పోగొట్టుకుని ఇంగ్లండ్ చేరిన ఆయన 1863లో ఈ ఎస్టేటు కొన్నాడు. ఇంగ్లండ్ మొత్తంలో గురి తప్పని వేటగాళ్లలో ఒకడుగా పేరు తెచ్చుకున్నాడు. 1876లో ఒక్కరోజులో దాదాపు 780 కౌజుల్ని కొట్టాడని చెబుతారు. 1893లో పారిస్‌లో పోయాడు. సమాధి చాలా సాదాగా ఉంది, పక్కనే భార్య, కొడుకు సమాధులు. పంజాబ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్కడ తలలకు గుడ్డ కట్టుకుని నిలబడి ఉంది.

రాజ్యం పోయిన రాజుకు తుపాకి, పిట్టలు, విందులు ఇచ్చి కూర్చోబెట్టారు. అది తలుచుకుంటే మనసు చివుక్కుమంది. థెట్‌ఫర్డ్‌లో నది పక్కన గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది, 1999లో పెట్టారు. ఊళ్లో ఏన్షెంట్ హౌస్ అనే పాత కలప ఇంటి మ్యూజియం ఈ ఊరికిచ్చింది ఆయన కొడుకు ఫ్రెడరిక్. తెలుగువాళ్లు ఇటు వస్తే ఈ రెండూ చూడండి.

గురువారం, అడవిలో

ఉదయం ఆరింటికే కీపర్ జీపు వచ్చింది. సన్నటి మనిషి, మాట తక్కువ. ట్రైలర్లో క్రేట్ల నిండా ఏడువారాల ఫెజంట్లు. తెల్లవారగానే తీసుకురావడానికి ఒక కారణం ఉంది. చీకటి పడేలోపు చోటు చూసుకోవడానికి, నీళ్లెక్కడో మేతెక్కడో తెలుసుకోవడానికి వాటికి ఒక పగలంతా దొరకాలి.

చెట్ల మధ్య వైరు మెష్‌తో చుట్టిన ఆవరణను రిలీజ్ పెన్ అంటారు. మనిషి ఎత్తుకు మించిన మెష్, అడుగున బయటి వైపుకు మడిచి నేలలో పాతారు. దాని బయట కరెంటు తీగ. ఇదంతా నక్క కోసం. పైన మాత్రం కప్పు లేదు. ‘మరి ఎగిరిపోవా?’ అన్నాను. కీపర్ ఒక పిట్టను పట్టి రెక్క విప్పి చూపించాడు. ఒక్క వైపు రెక్కకే కొసన ఈకలు కత్తిరించి ఉన్నాయి. నొప్పి ఉండదు, మనం గోళ్లు తీసుకున్నట్టే. మూడు నాలుగు వారాలకు ఆ ఈకలు మళ్లీ వస్తాయి. ఈలోపు ఆ చోటు తమ ఇల్లని వాటికి తెలిసిపోతుంది. తర్వాత ఒక్కొక్కటీ కంచె దాటి ఎగురుతాయి. సాయంత్రానికి వెనక్కి రావాలంటే కంచె అడుగున గరాటు ఆకారంలో దారులున్నాయి. పిట్ట లోపలికి నడిచి రాగలదు, నక్క దూరలేదు.

పెన్ కట్టే చోటును ఎంచుకోవడంలోనే సగం పనితనం ఉందన్నాడు. కొంత భాగం ఎండ పడే ఖాళీ నేల, కొంత దాక్కోవడానికి పొదలు, కొంత రాత్రి ఎక్కి పడుకోవడానికి కొమ్మలున్న చెట్లు. నేల మీద పడుకునే పిట్టకు ఆయుష్షు తక్కువ. తల్లి ఉంటే చెట్టెక్కడం తల్లి నేర్పుతుంది. వీటికి తల్లి లేదు. కొన్ని వాటంతటవే ఎక్కుతాయి, మిగతావి వాటిని చూసి ఎక్కుతాయి. మొదటి రాత్రుల్లో కీపర్ దూరం నుంచి చూస్తూ ఉంటాడు. గుడ్లగూబలు రాకుండా పాత సీడీలు వేలాడదీశాడు. మా వైపు చేలల్లో కట్టేవి కూడా అవే! గద్ద వచ్చినా, గుడ్లగూబ వచ్చినా వాటిని కొట్టడానికి వీల్లేదు, చట్టం ఒప్పుకోదు. భయపెట్టి పంపడమే.

క్రేట్లు ఒక్కొక్కటే నేల మీద పెట్టి, తలుపు తీసి, పక్కకు తప్పుకున్నాడు. తరమలేదు, కుదపలేదు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒకటి మెడ చాచి బయటికి అడుగేసింది. వెనక మిగతావి వచ్చాయి. అరగంటలో పొదల్లో అంతా గుసగుసగా అలికిడి.

జబ్బుల గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గొంతులో చేరి ఊపిరాడనివ్వని పురుగు, కాక్సీ (కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు), కళ్లు వాచే మైకోప్లాస్మా, పేగుల్ని పాడుచేసే హెక్సామిటా. మొదటి మూడూ నాకు పాత శత్రువులే. కిక్కిరిసి ఉంటే జబ్బు, ఎక్కడైనా అదే సూత్రం. హెక్టారు పెన్‌కు వెయ్యి పిట్టలు దాటకూడదని, వేటపక్షుల మీద పరిశోధన చేసే గేమ్ అండ్ వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ ట్రస్టు చెబుతుంది. పాతకాలపు సహజ అడవైతే 700. అంతకు మించితే నేల మీది పూలమొక్కలు కూడా చచ్చిపోతాయి.

కాసేపటికి ఆయన ఇంకో మాట చెప్పాడు. పెన్‌లో ఉన్నంతసేపూ ఈ పిట్టలు ఎస్టేటు సొత్తు. కంచె దాటి వెళ్లిపోయాక చట్టం దృష్టిలో అడవి పక్షులు. పక్క పొలంలోకి పోతే ‘నావి’ అని వెళ్లి పట్టుకొచ్చే హక్కు లేదు. ఇన్ని నెలల ఖర్చు, ఇంత కష్టం, ఒక రోజు తలుపు తీసి వదిలెయ్యడమే. అందుకని ఆయన చేయగలిగింది ఒకటే, అవి ఉండాలనుకునే చోటు తయారు చేయడం. రోజూ ఒకే వేళకు ఈల వేసి గోధుమలు చల్లుతాడు. పొలాల అంచున మొక్కజొన్న, కేల్, చిరుధాన్యాలు కలిపి పట్టీలుగా వేస్తాడు. వాటిని ఎవరూ కోయరు, పిట్టలు దాక్కోవడానికీ తినడానికీ అలాగే చలికాలమంతా నిలబెడతారు. పొద్దున్నే కుక్కను తీసుకుని సరిహద్దు వెంట నడిచి, దారి తప్పిన పిట్టల్ని మెల్లగా లోపలికి మళ్లిస్తాడు.

కోడిని మనిషికి దగ్గర చేయడమే నా వృత్తి అంతా. ఈయన వృత్తి దానికి పూర్తిగా అడ్డం తిరిగినది. చేత్తో పెంచిన పిట్టకు మనిషంటే భయం మిగల్చాలి, అయినా ఈ అడవిని వదిలి పోకుండా చూడాలి. పెంపకంలో ఇంతకన్నా కష్టమైన పని నేను చూడలేదు.

శుక్రవారం, శాండ్రింగ్‌హామ్

రాజకుటుంబం ఎస్టేటు. ఏడో ఎడ్వర్డ్ యువరాజుగా ఉన్నప్పుడే ఇక్కడ వేటను పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. చలికాలంలో పగలు చిన్నది కాబట్టి, వెలుతురు వృథా కాకూడదని ఎస్టేటులో గడియారాలన్నీ అరగంట ముందుకు తిప్పించాడు. ఆ ‘శాండ్రింగ్‌హామ్ టైమ్’ను 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ ఎత్తేశాడు. ఇక్కడి కెన్నెల్స్‌లో పెరిగిన లాబ్రడార్లకు రెండో ఎలిజబెత్ రాణి కాలంలో మంచి పేరు వచ్చింది.

తోటలు అందంగా ఉన్నాయి. నా ఆలోచనంతా వేరే ఎస్టేటు మీద ఉంది. 1913 డిసెంబర్ 18న బకింగ్‌హామ్‌షైర్‌లోని హాల్ బార్న్‌లో ఐదో జార్జి రాజు, ఆయన వెంట వచ్చినవాళ్లు ఒకే రోజు 3,900కు పైగా ఫెజంట్లను కాల్చారు. అన్ని పిట్టల్ని ఎవరు తింటారు? ఇప్పుడు కూడా బ్రిటన్‌లో ఏటా మూడు కోట్లకు పైగా ఫెజంట్లను వదులుతారు. వాటిలో సగానికన్నా తక్కువే తుపాకికి చిక్కుతాయి. మిగతావి నక్కలకు, రోడ్ల మీద కార్లకు, జబ్బులకు పోతాయి. నిన్న చూసిన కీపర్ లాంటివాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. కానీ లెక్క కోసం కాల్చే వేటను మాత్రం నేను సమర్థించలేను. చిన్న ఎస్టేట్లలో వందలోపు పిట్టలతో ముగించి, ప్రతి పిట్టా ఎవరో ఒకరి పొయ్యి మీదికి చేరేలా చూసే పద్ధతి నాకు న్యాయంగా కనిపించింది.

శనివారం, కుక్కల బడి

పక్కింటావిడ తన చిన్న లాబ్రడార్‌ను శిక్షణకు తీసుకెళ్తుంటే నేనూ ఎక్కాను. ఎండ ముదిరితే కుక్కలకు ప్రమాదమని తెల్లారి ఏడింటికే మొదలుపెడతారు. కోసిన గడ్డి మైదానంలో లాబ్రడార్లు, స్ప్రింగర్ స్పానియల్స్, ఒకటి రెండు కాకర్లు. శిక్షణ ఇచ్చేది అరవై దాటిన ఒకావిడ. గొంతు పెంచగా నేను వినలేదు.

మెడలో ఈల వేలాడుతోంది. లాబ్రడార్లకు 211.5, స్పానియల్స్‌కు 210.5 నంబర్ల ఆక్మె ఈలలు వాడతారు. 1870లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన కంపెనీ అది. ఒక నంబరు ఈలలన్నిటికీ ఒకే శ్రుతి ఉంటుంది కాబట్టి, ఒకటి పోగొట్టుకుని ఇంకోటి కొన్నా కుక్కకు తేడా తెలియదు. ఒక్క పొడుగు ఊదు ఊదితే ఎక్కడున్నా అక్కడే కూర్చోవాలి. పొట్టిపొట్టిగా వరసగా ఊదితే వెనక్కి రావాలి.

నేను అనుకున్నది వేరు. కుక్కకు తెచ్చి ఇవ్వడం నేర్పుతారనుకున్నాను. ఆవిడ నేర్పుతున్నది తేకపోవడం. గుడ్డతో చేసిన డమ్మీని, దాదాపు అరకిలో బరువుది, గాల్లోకి విసిరింది. పది కుక్కల కళ్లు దాని వెంట తిరిగాయి. ఒక్కటి కదల్లేదు. ఆవిడే నడుచుకుంటూ వెళ్లి తీసుకొచ్చింది. మళ్లీ విసిరింది, మళ్లీ తనే తెచ్చింది. చాలాసేపటికి గానీ ఒక కుక్క పేరు పిలవలేదు. పడిన ప్రతిదీ తనదే అనుకునే కుక్క వేట రోజున పనికిరాదు. తుపాకి పేలగానే లగెత్తితే గుళ్లకు అడ్డం పోవచ్చు, ఇంకా కాల్పుల్లోకి రాని పిట్టల్ని లేపేయవచ్చు. ‘పరుగు దాని రక్తంలోనే ఉంది, నేను నేర్పేది ఆగడం’ అందావిడ.

తర్వాత స్పానియల్స్ వంతు. గాలికి ఎదురుగా, యజమాని ముందు అటూ ఇటూ తిరుగుతూ పొదలన్నీ వెతకాలి. కానీ తుపాకి అందే దూరం దాటకూడదు. పిట్ట లేవగానే టక్కున కూర్చోవాలి. ఒక కుర్ర స్ప్రింగర్ ఎదురుగా కుందేలు పరిగెత్తింది. ఈల పడింది. అది నేలకు అంటుకుపోయి కూర్చుంది, ఒళ్లంతా వణుకుతోంది, కళ్లు కుందేలు మీదే. కదల్లేదు. దాని యజమాని మోకాళ్ల మీద కూర్చుని దాన్ని పొదివి పట్టుకున్నాడు. ఆ క్షణం చూడటానికే ఇంత దూరం రావచ్చు.

పక్కింటావిడ లాబ్రడార్‌కు ఈ రోజు కష్టమైన పాఠం. డమ్మీ ఎక్కడ పడిందో అది చూడలేదు. ఈవిడ చేయి చూపిన వైపు నమ్మకంతో వెళ్లాలి. దూరంగా పోయాక ఈలతో ఆపి, చేత్తో ఎడమకు, కుడికి, ఇంకా వెనక్కి అని చూపిస్తే దానికి తగ్గట్టు తిరగాలి. మొదటిసారి తడబడింది, రెండోసారి నేరుగా వెళ్లి పట్టుకొచ్చింది. నోట్లో పట్టుకునే తీరు చాలా ముఖ్యం. గట్టిగా కొరికితే పిట్ట పక్కటెముకలు నలుగుతాయి, మాంసం పాడవుతుంది. అలాంటి కుక్కతో పిల్లల్ని కూడా పెట్టించరు.

ఈ కుక్క ఉండటానికి అసలు కారణం ఆమె నాకు వెనక్కి వచ్చేటప్పుడు చెప్పింది. వేట రోజున ఆమె కాల్చేవాళ్ల వెనక చాలా దూరంలో నిలబడుతుంది. గాయపడి దూరంగా పడిన పిట్టను వెంటనే వెతికి, బాధ తీర్చాలి. మనిషి కంటికి అది దొరకదు, కుక్క ముక్కుకే దొరుకుతుంది. ‘కుక్క లేనివాడికి తుపాకి పట్టే హక్కు లేదు’ అని ఆమె ఖచ్చితంగా అంది. నేనూ ఆ మాటే అంటాను.

లాబ్రడార్ల పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ జాలరుల దగ్గర ఉండేవి. ఓడల్లో ఇంగ్లండ్ చేరితే, కొందరు ప్రభువులు వాటిని కాపాడి పెంచారు. 1903లో కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ గుర్తింపు వచ్చింది. అది వింటుంటే మన కొల్లేటి జోనంగి గుర్తుకొచ్చింది. బాతుల మందల వెంట నడిచి కాపలా కాసే ఆ పొట్టిబొచ్చు కుక్కకు కూడా పని తెలుసు, నీళ్లు తెలుసు. రాసి పెట్టినవాళ్లు, జాతి చెడకుండా చూసినవాళ్లు లేకపోవడమే తేడా. ఇప్పుడిప్పుడే కొందరు కుర్రాళ్లు దాని వెంటపడుతున్నారు, వాళ్లకు ఊళ్లలో పెద్దలు సాయం చేయాలి.

ఆదివారం, ఇంటి దగ్గర

ఇంగ్లండ్‌లో ఆదివారాలు, క్రిస్మస్ రోజున వేటపక్షుల్ని కాల్చడం నిషేధం. 1831 నాటి చట్టం. మా ఆదివారం మాత్రం ఫెజంట్‌తోనే గడిచింది. పక్కింటావిడ ఫ్రీజర్లోంచి గత సీజన్‌వి ఒక జత, పుంజు, పెట్ట, ఇచ్చింది. కొవ్వు దాదాపు లేని మాంసం, నాటుకోడి కంటే ముదురు రంగు. ఓవెన్లో కాలిస్తే ఎండిపోతుందని ఆవిడే చెప్పింది. మా అమ్మాయి అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు వేసి సన్నటి మంట మీద పులుసులా చాలాసేపు ఉడికించింది. తొడలు గట్టిగా ఉన్నా రుచి బాగా దిగింది. ‘నాన్నా, చూసుకుని నమలండి, గుండ్లు ఉంటాయి’ అని రెండుసార్లు హెచ్చరించింది. నిజంగానే ఒకటి తగిలింది. ఆ గుండ్లు సీసంవి కావడమే ఇక్కడ పెద్ద చర్చ. 2020లో వేట సంఘాలే అయిదేళ్లలో సీసం మానేద్దామని పిలుపునిచ్చాయి. 2025లో ప్రభుత్వం కూడా నిషేధిస్తామని ప్రకటించింది. తినే పిట్టలో సీసం ఉండటం ఏ రకంగానూ సమర్థించే విషయం కాదు, త్వరగా పోవాలి.

సాయంత్రం కీపర్ ఫోను చేసి, పెన్‌లో మూడు రాత్రులు వాన లేకుండా గడిచాయనీ, పిట్టలు సగానికి పైగా చెట్లెక్కుతున్నాయనీ చెప్పాడు. నవంబర్‌లో మళ్లీ రమ్మన్నాడు. తుపాకి పట్టేవాళ్ల వైపు కాదు, కర్రలతో పొదలు తడుతూ పిట్టల్ని లేపేవాళ్ల వరసలో నడవడానికి. ముళ్లకు ఆగే ప్యాంటు, మోకాళ్ల దాకా బూట్లు, వాన కోటు తెచ్చుకోవాలట. రోజు కూలీతో పాటు ఇంటికి ఒక జత పిట్టలు ఇస్తారట. అల్లుడు అప్పుడే సెలవులు చూస్తున్నాడు.